మా లక్ష్మీపురం హాస్టల్‌కి ఫైర్ అలారం పెట్టిన విజయవాడ టీమ్ గురించి

గుంటూరు లక్ష్మీపురంలో మాది ఆడపిల్లల హాస్టల్. కింద వంటగది, భోజనాల హాలు, పైన మూడంతస్తుల్లో గదులు. బీటెక్ పిల్లలు, బ్యాంకు పరీక్షల కోచింగ్‌కి వచ్చినవాళ్ళు ఉంటారు. విజయవాడ గవర్నర్‌పేట నుంచి వచ్చిన ఒక చిన్న టీమ్ మాకు ఫైర్ అలారం పని మొత్తం కొత్తగా చేసి ఇచ్చింది. ఇక్కడ పేరు రాస్తే ప్రకటనలా ఉంటుంది. కావలసినవాళ్ళు అడిగితే నంబరు ఇస్తాను. నా వరకు ఐదుకి నాలుగు మార్కులు. ఆ నాలుగూ ఎందుకో, ఒకటి ఎందుకు తగ్గించానో రాస్తున్నాను.

మా దగ్గర ఇంతకుముందే అలారం ఉంది. కప్పుకి పొగని పసిగట్టే తెల్లటి డిటెక్టర్లు, కారిడార్లలో చేత్తో నొక్కి అలారం మోగించే ఎర్ర పెట్టెలు, ఆఫీసు గదిలో నాలుగు జోన్ల (అంతస్తుకి ఒక లైను చొప్పున) ప్యానెల్, దాని మీద పచ్చ లైటు. పిల్లల్ని చేర్చడానికి వచ్చిన తల్లిదండ్రులు ఆ లైటు చూసి ధీమాగా వెళ్ళేవాళ్ళు. ఏడాది మెయింటెనెన్స్ డబ్బులు కూడా అది పెట్టిన పాతవాళ్ళకి వేళకి కట్టేవాళ్ళం.

విజయవాడ టీమ్ వచ్చి చూసిన మొదటి రోజే ప్యానెల్ మూత తీశారు. పెద్ద టెక్నీషియన్ "అమ్మా, ఒకసారి ఇటు రండి" అని పిలిచి స్క్రూడ్రైవర్ మొనతో టెర్మినళ్ళ దగ్గర చూపించాడు. బియ్యపు గింజంత రెసిస్టర్లు (కరెంటుని కొంత అడ్డుకునే చిన్న ముక్కలు), వాటి మీద పసుపు, ఊదా, ఎరుపు చారలు. నాలుగు జోన్లకి నాలుగూ అక్కడే బిగించి ఉన్నాయి. నిజానికి అవి ప్రతి జోన్‌లోనూ చిట్టచివరి డిటెక్టర్ బేస్‌లో, అంటే డిటెక్టర్‌ని తగిలించే అడుగు ముక్కలో, ఉండాలట. ప్యానెల్ నుంచి కొద్దిపాటి కరెంటు తీగ వెంట చివరిదాకా వెళ్ళి, ఆ రెసిస్టర్ గుండా తిరిగి వస్తూ ఉంటుంది. మధ్యలో తీగ తెగినా, ఎవరైనా డిటెక్టర్ ఊడదీసినా ఆ కరెంటు ఆగిపోతుంది, ప్యానెల్ వెంటనే ఫాల్ట్ చూపిస్తుంది. రెసిస్టర్‌ని ప్యానెల్లోనే బిగించేస్తే కరెంటు బయటికి పోవలసిన పనే లేదు. పైన తీగలన్నీ కోసేసినా ఇక్కడ అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది.

నోటితో చెప్పి ఊరుకోలేదు. రెండో అంతస్తు నుంచి రెండు డిటెక్టర్లు ఊడదీసి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ప్యానెల్‌లో చలనం లేదు. అదే పచ్చ లైటు.

నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. 2020 ఆగస్టులో విజయవాడలో కోవిడ్ కేర్ సెంటర్‌గా వాడుతున్న హోటల్లో తెల్లవారుజామున మంటలు లేచి ప్రాణాలు పోయాయి. ఆ వార్త చూసినప్పటినుంచి పిల్లలు గాఢనిద్రలో ఉండే వేళ గురించే నా బెంగంతా. మా హాస్టల్లో లైను చివర ఎక్కడో తీగ తెగినందువల్ల ఫాల్ట్ వస్తుంటే, పాతవాళ్ళు ఆ తెగిన చోటు వెతికే ఓపిక లేక రెసిస్టర్లు తెచ్చి లోపల పెట్టేశారట. ఇంతమంది పిల్లలు పడుకునే చోట అలాంటి పని చెయ్యడానికి మనసెలా వచ్చిందో!

ఇక కొత్త పని సంగతి. పాత తీగలు ఒక్కటీ ఉంచలేదు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి ఆర్మర్డ్ కేబుల్, త్వరగా అంటుకోని, పొగ తక్కువ వచ్చే రకం తెచ్చి, మామూలు కరెంటు వైర్లు పోయే పైపుల్లో కలపకుండా విడిగా వేశారు. ప్రతి డిటెక్టర్ బేస్‌లోకి తీగ వచ్చి, అక్కడినుంచే తర్వాతి బేస్‌కి వెళ్ళేలా కలిపారు. పాత పనిలో దారి మధ్యలో ట్యాపింగ్ కొట్టి పక్క గదులకి తీగ లాగారు. అలా చీలిన కొమ్మ రెసిస్టర్‌కి పోయే దారిలో ఉండదు కాబట్టి, ఆ కొమ్మ తెగితే ప్యానెల్‌కి తెలియదు. మా ఎలక్ట్రీషియన్ కుర్రాడు కూడా పక్కన నిలబడి ఇదంతా నేర్చుకున్నాడు.

భద్రత విషయంలో వాళ్ళ పద్ధతి నాకు బాగా నచ్చింది. మెయిన్ బోర్డులో ప్యానెల్‌కి కరెంటు ఇచ్చే ఎంసీబీ స్విచ్ దించి, "పని జరుగుతోంది, ఆన్ చెయ్యొద్దు" అని అట్ట కట్టారు. తర్వాత టెస్టర్ పెట్టి చూశారు. బ్యాటరీ వైర్లు కూడా ఊడదీశాకే లోపల చెయ్యి పెట్టారు, ఎందుకంటే కరెంటు తీసేసినా బ్యాటరీ ప్యానెల్‌ని బతికిస్తూనే ఉంటుంది. నిచ్చెన ఎక్కేవాడు ఒకడుంటే, పట్టుకునేవాడు ఇంకొకడు ఎప్పుడూ ఉన్నాడు. తీగల ఇన్సులేషన్‌ని 500 వోల్టుల మెగ్గర్ అనే మీటర్‌తో ముందే పరీక్షించారు. అప్పటికి డిటెక్టర్లు తగిలించలేదు, ప్యానెల్ కూడా కలపలేదు. అవి కలిపాక మెగ్గర్ పెడితే లోపలి ఎలక్ట్రానిక్స్ పాడైపోతాయట. గోడలకి రంధ్రాలు కొట్టి దుమ్ము తుడిచేదాకా డిటెక్టర్ల మీద ప్లాస్టిక్ టోపీలు తియ్యలేదు. చివర్లో టోపీలు లెక్కపెట్టి డిటెక్టర్లతో సరిచూసుకున్నారు, ఒక్కటి మిగిలినా ఆ డిటెక్టర్‌కి పొగ అందదు కాబట్టి.

వంటగది గురించి ప్రత్యేకంగా చెప్పాలి. గుంటూరు వంటగదిలో ఎండుమిరపకాయలు వేయించినా, గోంగూర పచ్చడికి తాలింపు పెట్టినా ఎంత పొగ వస్తుందో మనందరికీ తెలుసు. పాతవాళ్ళు అక్కడ స్మోక్ డిటెక్టర్ పెట్టి, ఊరికే మోగుతోందని మా వంటామె గోల పెడితే దానికి పాలిథిన్ కవరు కట్టి వెళ్ళారు. వీళ్ళు మధ్యాహ్నం వంట జరిగే వేళ కప్పు దగ్గర వేడి కొలిచి, పొయ్యిలకి కాస్త ఎడంగా 57 డిగ్రీల వేడికి మోగే హీట్ డిటెక్టర్ పెట్టారు. ఆ తర్వాత తాలింపు వల్ల ఒక్కసారి కూడా మోగలేదు. గదుల్లో మాత్రం స్మోక్ డిటెక్టర్లే. వాటిని కూడా గోడకి కనీసం అర మీటరు దూరంలో, ఫ్యాన్ రెక్కల గాలి, ఏసీ గాలి నేరుగా తగలని చోట బిగించారు.

బ్యాటరీలు 12 వోల్టులు, 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు)వి రెండు, కలిపి 24 వోల్టులు. ఇవి సరిపోతాయా అని అడిగితే పెద్ద టెక్నీషియన్ నా ముందే కాగితం మీద లెక్క వేశాడు. మామూలుగా సిస్టమ్ తీసుకునేది 0.12 ఆంపియర్లు, 24 గంటలకి 2.88 ఏహెచ్. హూటర్లు, అంటే అలారం సైరన్లు, మోగేటప్పుడు 0.8 ఆంపియర్లు, అరగంటకి 0.4 ఏహెచ్. మొత్తం 3.28. పాతబడితే బ్యాటరీ సత్తా తగ్గుతుంది కనుక దానికి పావువంతు కలిపితే 4.1. ఏడు కన్నా తక్కువే కాబట్టి సరిపోతాయి. ఆ కాగితాన్ని ప్యానెల్ ఫైల్లోనే పెట్టించాను.

టెస్టింగ్ ఆదివారం భోజనాలయ్యాక పెట్టుకున్నారు. ముందే పిల్లలకి, వాచ్‌మన్‌కి, పక్కింటివాళ్ళకి చెప్పించారు. పాతవాళ్ళు వస్తే ఒక అగరుబత్తి వెలిగించి ఒక్క డిటెక్టర్ కింద పెట్టి, మోగగానే సంతకం పెట్టించుకుని వెళ్ళేవాళ్ళు. అగరుబత్తి మసి లోపల పేరుకుంటుంది. వీళ్ళు టెస్ట్ స్మోక్ డబ్బా తెచ్చారు. ప్రతి డిటెక్టర్‌కీ పొగ పట్టారు, హీట్ డిటెక్టర్‌కి వేడి గాలి పట్టారు, ఎర్ర పెట్టెలు ఒక్కొక్కటే నొక్కి తాళంచెవితో మళ్ళీ మామూలు చేశారు. ఒకతను పైన, ఒకతను ప్యానెల్ దగ్గర, మధ్యలో ఫోను. ఆ పరీక్షలోనే ఒకటి బయటపడింది. మూడో అంతస్తులో పొగ పడితే ప్యానెల్ మీద రెండో అంతస్తు లైటు వెలిగింది. జోన్ తీగలు తారుమారయ్యాయి. నిజంగా ప్రమాదం జరిగితే వాచ్‌మన్ వేరే అంతస్తుకి పరిగెత్తేవాడు. అప్పటికప్పుడే సరిచేసి ఆ రెండు అంతస్తులూ మొదటినుంచి మళ్ళీ పరీక్షించారు.

హూటర్ శబ్దం కూడా తలుపులు మూసి, ఫ్యాన్లు వేసి, దిండు దగ్గర మీటర్ పెట్టి కొలిచారు. నిద్రపోయేవాళ్ళు లేవాలంటే 75 డెసిబెల్స్ ఉండాలన్నారు. మూడో అంతస్తు చివరి గదిలో తగ్గింది. అక్కడ ఇంకో హూటర్ పెట్టించాను, దానికి డబ్బులు విడిగా తీసుకున్నారు. చివరికి మెయిన్ కరెంటు తీసేసి, ఉత్త బ్యాటరీ మీద అన్ని హూటర్లూ మోగించి చూపించారు.

తగ్గించిన ఒక్క మార్కు సంగతి. చెప్పిన టైముకి వచ్చిన రోజు లేదు. పొద్దున్నే వస్తామని పదకొండింటికి వస్తే, పిల్లల గదులు అంతసేపు తెరిచి పెట్టుకోవడం మాకు కష్టం. రంధ్రాలు పూడ్చారు గానీ రంగు వెయ్యలేదు. లాగ్ బుక్ మొత్తం ఇంగ్లీషులో ఉంది. రాత్రి ప్యానెల్ దగ్గర ఉండేది మా వాచ్‌మన్ బాబాయి, ఆయనకి ఇంగ్లీషు రాదు. ఏ లైటు వెలిగితే ఏ అంతస్తు, ముందు పిల్లల్ని కిందికి దించడం, 101కి ఫోన్ చెయ్యడం, ఇవన్నీ నేనే తెలుగులో రాసి ప్యానెల్ పక్కన అంటించాను. ఇది వాళ్ళే ఇచ్చి ఉండాల్సింది, అదే మాట వాళ్ళకీ చెప్పాను. ధర కూడా పాతవాళ్ళకన్నా దాదాపు సగం ఎక్కువ, ఆ డబ్బుకి మాత్రం నాకు బాధ లేదు.

హాస్టల్, నర్సింగ్ హోమ్ నడిపేవాళ్ళు ఎవరైనా సరే, ఈసారి మెయింటెనెన్స్ కుర్రాడు సంతకానికి వచ్చినప్పుడు ప్రతి జోన్‌లోనూ చివరి డిటెక్టర్ ఊడదీయమని అడగండి, మీరు ప్యానెల్ దగ్గర నిలబడి చూడండి. ఫాల్ట్ చూపించకపోతే ఆ కాగితం మీద సంతకం పెట్టకండి.