రాయడం నేర్పడానికి ఏది మేలు: గొంతుతో చెప్పే వీడియో కథా, ట్వైనా, స్టోరీమ్యాపా?

డిగ్రీలో చేరిన పిల్లల్ని వాళ్ల ఊరి గురించి రాయమంటే చాలామంది గైడు భాషలోకి వెళ్లిపోతారు. "మా గ్రామమునందు చెరువు త్రవ్వకము గావించబడినది" అంటారు. అదే చెరువు సంగతి క్యాంటీన్లో చెప్పేటప్పుడు మాత్రం చుట్టూ ఉన్నవాళ్లు టీ తాగడం మర్చిపోయి వింటారు. ఆ చెప్పే ఒడుపును కాగితం మీదికి తెచ్చే సాధనమే మంచి సాధనమని నా నమ్మకం. ఫొటోలకు గొంతు జోడించే వీడియో కథ, దారులు చీలే కథలు రాసే ట్వైన్, మ్యాపు మీద కథ చెప్పే స్టోరీమ్యాప్ - ఈ మూడింటినీ ఆ లెక్కనే చూస్తున్నాను.

ఫొటోలకు సొంత గొంతు జోడించి చేసే చిన్న వీడియో కథ 1990ల్లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో జో లాంబర్ట్, డానా ఆచ్లీ తదితరులు నడిపిన వర్క్‌షాపుల్లో రూపు దిద్దుకుంది. రెండు మూడు నిమిషాల నిడివి, ఇంగ్లిషులో అయితే 250-300 మాటల స్క్రిప్టు. తెలుగు మాటలు పొడవు కాబట్టి మనం 200 దగ్గర ఆగడం మంచిది. ముందు అందరూ గుండ్రంగా కూర్చుని స్క్రిప్టులు చదివి వినిపించుకుంటారు, ఆ తర్వాతే రికార్డింగ్.

అసలు పాఠం ఆ చదవడంలోనే ఉంది. "గావించబడినది" దగ్గర నాలుక తడబడుతుంది. చదివే పిల్లే ఆగి, "మా ముత్తాతల కాలంలో ఊరంతా కలిసి తవ్వుకున్న చెరువు ఇది" అని మార్చుకుంటుంది. ఎర్ర సిరా పెట్టాల్సిన పనే లేదు. ఫొటో కూడా ఇలాగే సాయపడుతుంది. తెర మీద చెరువు గట్టు, మర్రిచెట్టు కనిపిస్తుంటే "గట్టు మీద పెద్ద మర్రిచెట్టు ఉంది" అనే వాక్యం దండగ. అది కొట్టేసి, ఆ చెట్టు కింద ఏం జరిగిందో రాయాలి.

చిక్కల్లా ఎడిటింగ్ యాప్‌తోనే. ఎఫెక్టులు, వెనకాల సినిమా పాట అంటూ వారాలు కరిగిపోతాయి. స్క్రిప్టు రెండుసార్లు తిరగరాసేదాకా యాప్ తెరవనివ్వకూడదు.

ట్వైన్ సంగతి వేరు. 2009లో క్రిస్ క్లైమస్ తెచ్చిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. కథను చిన్న చిన్న భాగాలుగా రాసి, ఒక మాటను జంట చదరపు బ్రాకెట్లలో పెడితే అది మరో భాగానికి దారి అవుతుంది. పాఠకుడు ఏ దారి ఎంచుకుంటే కథ అటు నడుస్తుంది. ఇందులో నాకు బాగా నచ్చింది సర్వనామాల పాఠం. ఒక భాగం "అతను తలుపు తీశాడు" అని మొదలైందనుకోండి. ఒక దారిలో వచ్చినవాడికి అతను మామయ్య, ఇంకో దారిలో వచ్చినవాడికి పోలీసు. పాఠకుడికి ఇప్పటికే ఏం తెలుసు, ఏం తెలియదు అన్న ఆలోచన పిల్లలకు ఇక్కడ తప్పనిసరి అవుతుంది. మామూలు వ్యాసంలో ఇది ఎంత చెప్పినా ఎక్కదు.

కానీ దీనికి కంప్యూటర్ ల్యాబ్ కావాలి, ఫోన్లో రాయడం కష్టం. బ్రౌజర్లో వాడితే కథ ఆ బ్రౌజర్లోనే ఉంటుంది. ల్యాబులో ఎవరైనా హిస్టరీతో పాటు సైట్ డేటా కూడా తుడిచేశారంటే కథ పోయినట్టే. లేచే ముందు ఫైలు దించుకోవడం అలవాటు చేయాలి.

ఇక స్టోరీమ్యాప్. అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ నైట్ (Knight) ల్యాబ్ వాళ్ల ఈ స్టోరీమ్యాప్‌జేఎస్ కూడా ఉచితమే. అమరావతి, నాగార్జునకొండ, ఫణిగిరి లాంటి బౌద్ధ క్షేత్రాలను మ్యాపు మీద గుర్తించి, ఒక్కో చోటికి ఒక స్లయిడు రాయొచ్చు. చరిత్ర పిల్లలకు బాగుంటుంది. రాత పాఠంగా మాత్రం బలహీనం. స్లయిడుకు రెండు ముక్కలు అతికించి ఊరుకుంటారు, ఒక చోటి నుంచి ఇంకో చోటికి ఆలోచన ఎలా సాగిందో రాయాల్సిన అవసరమే రాదు.

ఒక్క సెమిస్టరే చేతిలో ఉంటే నా ఓటు గొంతు కథకే. ఫోను చాలు, తిరగరాత దానంతటదే వస్తుంది. రెండో ఏడాదికి, ల్యాబ్ దొరికితే, ట్వైన్. ఏది ఎంచుకున్నా సగానికి పైగా మార్కులు చిత్తుప్రతులకే ఇవ్వండి. ఇంటి సంగతులు చెప్పిన వీడియోను ఆ విద్యార్థి ఒప్పుకోకుండా కాలేజీ యూట్యూబ్‌లో పెట్టకండి. పెడతారని తెలిస్తే తర్వాతి బ్యాచ్ మళ్లీ గైడు భాషలోనే రాస్తుంది.