మినాక్సిడిల్: తలకు రాసేదా, మింగేదా?

బట్టతల అదృష్టమని పెద్దలంటారు గానీ, పెళ్లిచూపుల తేదీ ఖాయం కాగానే అనంతపురం కుర్రాళ్లు జుట్టు మొలిపించే మందు మినాక్సిడిల్ కోసం మందుల షాపుకే పోతారు. ఆ తొందరే మొదటి పొరపాటు. ఏ రూపంలో వాడినా మొదటి రెండు నెలల్లో పాత వెంట్రుకలు ఇంకా రాలొచ్చు. ఫలితం తెలియాలంటే కనీసం 4 నుంచి 6 నెలలు పడుతుంది.

5 శాతం లోషన్ పూటకు 1 మిల్లీలీటరు, రోజుకు రెండుసార్లు. 60 మిల్లీలీటర్ల సీసా సరిగ్గా నెల వస్తుంది. జుట్టుకు కాదు, ఆరిన మాడుకు పట్టించాలి, నాలుగు గంటలు తడపకూడదు. మన ఎండల్లో చిక్కంతా ఇక్కడే: చెమటకు మందు నుదుటి మీదికి కారుతుంది, జిడ్డుకు దుమ్ము అంటుకుంటుంది. దురద వస్తే తరచుగా కారణం అందులోని ప్రొపిలీన్ గ్లైకాల్ అనే ద్రావకం. అది లేని ఫోమ్‌కు (నురగ మందుకు) మారితే సరి.

మాత్ర అసలు బీపీ మందు. మగవాళ్లకు జుట్టు కోసం సాధారణంగా రోజుకు 2.5 నుంచి 5 మిల్లీగ్రాములు ఇస్తారు. జిడ్డు బెడద లేదు. కానీ ముఖం, చేతుల మీదా వెంట్రుకలు పెరగొచ్చు, కాళ్లు వాయొచ్చు, గుండె దడ రావొచ్చు. గుండెజబ్బు ఉన్నవాళ్లు, బీపీ మందులు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా ముట్టకూడదు.

మాత్రే బలమైనదన్న నమ్మకం మాత్రం నిలవలేదు: 2024లో వెలువడిన బ్రెజిల్ పరీక్షలో 24 వారాల తర్వాత 5 మిల్లీగ్రాముల మాత్ర లోషన్‌ను మించలేదు. కాబట్టి ముందు లోషనే. రెండుపూటలా రాయలేక మానేసేవాళ్లకు, దురద తగ్గనివాళ్లకు మాత్ర. ఏది ఆపినా వచ్చిన జుట్టు కొన్ని నెలల్లో పోతుంది.