ఫిజిక్స్ క్లాసు నుంచి ఆరోగ్య డేటాలోకి: మిమిక్-4 ఎలా ఉంది?

ఫిజిక్స్ టీచర్లు ఆరోగ్య పరిశోధన వైపు రావడానికి ఫిజియోనెట్‌ (వైద్య పరిశోధన డేటా ఇచ్చే వెబ్‌సైట్) లోని మిమిక్-4 డేటాసెట్ చాలా మంచి సాధనం. బోస్టన్‌లోని ఓ పెద్ద ఆసుపత్రి రోగుల రికార్డులివి, పేర్లు తీసేసి ఉచితంగా ఇస్తారు. ముందు 100 మంది రోగుల డెమో దించుకోండి, దానికి అనుమతి అక్కర్లేదు. పూర్తి డేటాకు సిటి ప్రోగ్రామ్ (పరిశోధన నియమాలపై ఆన్‌లైన్ కోర్సు) శిక్షణ, మీ గురించి చెప్పగల ఒకరి రెఫరెన్స్, డేటా వాడకపు ఒప్పందంపై సంతకం తప్పనిసరి.

ఎక్కువమంది బోల్తా పడేది తేదీల దగ్గరే. గోప్యత కోసం ఒక్కో రోగి తేదీలను ఒక్కో లెక్కన భవిష్యత్తులోకి జరిపారు. ఒకే రోగికి సంబంధించిన వ్యవధులు సరైనవే కానీ, ఇద్దరి తేదీలను పోల్చకూడదు. 89 దాటిన వయసులన్నీ 91గా ఉంటాయి, సగటు కట్టేటప్పుడు జాగ్రత్త. ఉష్ణోగ్రత ఫారన్‌హీట్‌లో 223761, సెల్సియస్‌లో 223762 కోడ్‌ల కింద విడిగా ఉంటుంది. మార్చకుండా కలిపితే మోడల్ చెడుతుంది. యూనిట్లు సరిచూసే ఫిజిక్స్ అలవాటు ఇక్కడ ఎంతో విలువైనది. పూర్తి డేటాలోని పెద్ద పట్టికలు ఎక్సెల్‌లో పట్టవు, అది 10,48,576 వరుసల దగ్గరే ఆగిపోతుంది; అందుకే ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ను ప్రశ్నించే భాష) ముందే నేర్చుకోండి.