పండ్ల మొక్కల కోసం రైల్వే కోడూరు ప్రయాణం

కడపలో వసంతం అంటే ఫిబ్రవరి, మహా అయితే మార్చి మొదటి పక్షం. ఆ తర్వాత ఎండ 40 డిగ్రీలకు చేరడానికి ఎంతో కాలం పట్టదు. పెరట్లో కొత్త మొక్క పెట్టి చూడాలనుకునేవాళ్లు ఉగాదికి ముందే అది వేరూనేలా చూసుకోవాలి. అందుకే మాఘమాసం చివర్లో నేనూ మా అత్తయ్యా తిరుపతి దారిలో ఉన్న రైల్వే కోడూరు బయలుదేరాం.

మొక్కలు ఊళ్లోనే దొరకవా అంటే, దొరుకుతాయి. మందారం, నందివర్ధనం, గులాబీ ఇప్పటికీ కడపలో రోడ్డు పక్క నర్సరీల్లోనే కొంటాను. పండ్ల మొక్కల దగ్గరే చిక్కు. వాటిలో చాలావరకు కడియం వైపు నుంచి లారీల్లో వస్తాయి. గోదావరి గాలికి అలవాటుపడిన మొక్క మన పొడి గాలిలో తేరుకునేలోపే ఎండలు ముదురుతాయి. కోడూరులో మామిడి, బొప్పాయి, అరటి, నిమ్మ తోటల మధ్యే నర్సరీలున్నాయి. మన ఎండ తిని పెరిగిన మొక్క మన పెరట్లో బతుకుతుందని నా గట్టి నమ్మకం.

వెళ్లేటప్పుడు బస్సు మంచిది. దారిలో ఒంటిమిట్టలో దిగి కోదండరాముణ్ణి దర్శించుకోవచ్చు. సీతారామలక్ష్మణులు ఒకే శిలలో కొలువైన గుడి అది. మొక్కలతో తిరిగి వచ్చేటప్పుడు మాత్రం రైలే మేలు. బస్సులో సంచులు కాళ్ల దగ్గర నలుగుతాయి, కిటికీ గాలికి ఆకులు వాడిపోతాయి.

రాత్రికి కోడూరులోనే ఒక చిన్న లాడ్జిలో దిగాం. పడకలు శుభ్రంగా ఉన్నాయి, సాయంత్రం కుళాయిలో నీళ్లు మాత్రం రాలేదు. అడగగానే కుర్రవాడు విసుక్కోకుండా బకెట్లతో తెచ్చిపెట్టాడు. పిల్లలతో వెళ్లేవాళ్లకు తిరుపతిలో బస సుఖం. అయినా నేను కోడూరే అంటాను. పొద్దున్నే నర్సరీకి చేరితే మొక్క అసలు రూపం తెలుస్తుంది, మధ్యాహ్నానికి ఏ మొక్కయినా తల వాల్చేస్తుంది. రాత్రి భోజనంలో రాగిసంగటి, వేరుశనగ ఊరుబిండి బాగున్నాయి.

మొదట చూసిన నర్సరీ పెద్ద రోడ్డు మీదే ఉంది. రకాలు ఎక్కువ, ధరలు బోర్డు మీద రాసి ఉన్నాయి, మర్యాదగానే మాట్లాడారు. కానీ చీనీ (బత్తాయి) అంటు ఏ మొక్క మీద కట్టారని అడిగితే చెప్పగలిగినవాళ్లు లేరు. అక్కడ ఏమీ కొనలేదు.

రెండోది ఊరి లోపల, తోటను ఆనుకుని ఉంది. అక్కడి పెద్దాయన మొక్కను కాండం పట్టి లేపలేదు, రెండు చేతులతో కవరు కిందనుంచి ఎత్తాడు. బ్లేడుతో కవరు ఒక పక్క కోసి వేళ్లు చూపించాడు. తెల్లటి కొసలు మట్టి అంచు దాకా వచ్చాయి, అడుగున చుట్టలు చుట్టుకోలేదు. మట్టికి జానెడు ఎత్తులో అంటు కట్టిన చోటు చిన్న కణుపులా ఉబ్బి ఉంది. “అమ్మా, కిందిది రంగపూర్ నిమ్మ. ఈ కణుపు కింద చిగురు వస్తే వెంటనే గిల్లేయండి. వదిలేస్తే అదే పెరిగి పైనున్న చీనీని చంపేస్తుంది” అన్నాడు. అత్తయ్య ఇంకో నాలుగు ప్రశ్నలు వేసింది, అన్నింటికీ ఓపికగా జవాబిచ్చాడు. ధర కాస్త ఎక్కువే, మాకు అభ్యంతరం అనిపించలేదు.

చీనీతో పాటు ఒక అంజూర, రెడ్ లేడీ బొప్పాయి నారు తీసుకున్నాం. ఈ రకంలో మగ చెట్లు రావు, కాబట్టి చిన్న పెరటికి బాగా నప్పుతుంది. ఆ కాయ గింజలు మళ్లీ నాటితే మాత్రం అదే గుణం వస్తుందనుకోవద్దు.

అదే దారిలో అనంతరాజుపేటలో ఉద్యాన పరిశోధన కేంద్రం ఉంది. కొత్త రకాల గురించి సందేహాలుంటే పనిదినాల్లో, ముందుగా ఫోను చేసి వెళ్లండి.

ఇంటికి తెచ్చిన మొక్కలను వారం రోజులు వేపచెట్టు నీడన ఉంచి, సాయంత్రం పూట నాటాం. బొప్పాయికి మొదలు దగ్గర నీరు నిలిస్తే కాండం కుళ్లుతుంది, అందుకని మట్టి ఎత్తు చేసి పెట్టాం. పాదుల్లో వేరుశనగ పొట్టు మందంగా పరిచాం. చీనీకి ఇప్పటికే కణుపు పైన రెండు చిగుళ్లు వేశాయి. అంజూర ఇంకా కదల్లేదు.

చైత్ర పౌర్ణమికి ఒంటిమిట్టలో కల్యాణం జరుగుతుంది. ఆ రోజుల్లో ఆ దారంతా జనమే, పైగా ఎండ. మొక్కల కోసం వెళ్లేవాళ్లు ఫాల్గుణం సగానికి ముందే వెళ్లిరండి.