ఆల్టర్నేటర్‌కు ఫ్రీవీల్ పుల్లీయా, మామూలు పుల్లీయా?

డీజిల్ కారులో కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌కు ఉండే పుల్లీ (బెల్టు తిప్పే చక్రం) పాడైనప్పుడు, కంపెనీ అమర్చిన ఫ్రీవీల్ పుల్లీనే మళ్లీ వేయించాలా, లేక ధర తక్కువని మామూలు పుల్లీతో సరిపెట్టుకోవాలా అన్న సందేహం చాలామందికి వస్తుంది. మామూలు పుల్లీ లోపల కదిలే భాగాలేవీ ఉండవు కాబట్టి అది చాలాకాలం మన్నుతుంది. అయితే సిలిండర్లలో ఇంధనం మండిన ప్రతిసారీ బెల్టును నడిపే క్రాంక్ షాఫ్ట్ వేగం క్షణకాలం పెరిగి తగ్గుతుంది. ఆల్టర్నేటర్ లోపల తిరిగే బరువైన రోటర్ మాత్రం అంత త్వరగా నెమ్మదించలేదు. ఆ గుంజులాటంతా బెల్టు మీద, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ మీద పడి, అవి త్వరగా అరిగిపోతాయి. ఫ్రీవీల్ పుల్లీ సైకిల్ వెనుక చక్రంలో లాగా ఒకవైపు పట్టి, రెండోవైపు వదిలేస్తుంది కనుక ఆ ఒత్తిడి చాలావరకు బెల్టుకు చేరదు. అందుకే, అలా పట్టి వదిలే లోపలి క్లచ్ కొన్నేళ్లకు అరిగేదే అయినా, విప్పడానికి ప్రత్యేకమైన సాకెట్ కావలసి వచ్చినా, నేను దానినే వేయించమంటాను.

మార్చే ముందు, ఇంజన్ ఆపి, బెల్టు తీసి, రోటర్‌ను కదలకుండా పట్టుకొని పుల్లీని చేత్తో తిప్పి చూడాలి. రెండువైపులా బిగుసుకుపోయినా, రెండువైపులా వదులుగా తిరిగినా అది పనికిరాదు. కొత్తది బిగించాక దుమ్ము చొరకుండా దాని మూతను తప్పక పెట్టించాలి.