పెళ్ళి వీడియోల బ్యాకప్ బాక్స్ కొంటున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు ఫోటో స్టూడియోలకి ఈమధ్య ఒక బ్యాకప్ బాక్స్ అంటగడుతున్నారు. చిన్న నల్ల డబ్బా, లోపల లైనక్స్ (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్), 2 టీబీ డిస్కు, ముందువైపు యూఎస్‌బీ పోర్టులు. పెన్‌డ్రైవ్ పెట్టి బటన్ నొక్కితే చాలు, కాసేపటికి "పూర్తయింది" అని పచ్చ అక్షరాలు వస్తాయి. ఆ పచ్చ అక్షరాల్ని నమ్మి కెమెరా కార్డులు ఫార్మాట్ చేయకండి. కావలిలో మా మామయ్య స్టూడియోలో ఈ డబ్బా ఒకటి ఉంది, దాని పుణ్యాన ఒక పెళ్ళి ఫోటోలు సగం గల్లంతయ్యాయి. అమ్మినవాళ్ళ పేరు ఇక్కడ రాయను, డబ్బాలో ఏం లోపం ఉందో మాత్రం రాస్తా.

ప్రోగ్రాం సీ భాషలో రాశారు. సోర్స్ ఫైళ్ళు కూడా డిస్కులోనే వదిలేశారు మహానుభావులు, అందుకే తెరిచి చూడగలిగా.

మామయ్య ఫోల్డర్ పేర్లన్నీ తెలుగులోనే పెడతాడు, అదీ శుభలేఖ చదివినట్టు: వధూవరుల పేర్లు, ఇంటిపేర్లు, ఊళ్ళు, కల్యాణ మండపం, అన్నీ అయ్యాక చిట్టచివర "పెళ్ళికూతురు వైపు" అనో "పెళ్ళికొడుకు వైపు" అనో. విండోస్‌లో, పెన్‌డ్రైవ్‌లో దీనికి ఏ ఇబ్బందీ లేదు, ఎందుకంటే అక్కడ పేరుకి 255 గుర్తుల దాకా చోటుంటుంది. డబ్బాలో ఉన్న డిస్కు ఈఎక్స్‌టీ4, అంటే లైనక్స్ తన డిస్కులో ఫైళ్ళు సర్దుకునే పద్ధతి. అక్కడ హద్దు 255 బైట్లు, గుర్తులు కాదు. అక్షరాల్ని బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు తింటుంది. "శ్రీ" అని రాస్తే శ, పొల్లు, ర, గుడిదీర్ఘం, నాలుగు మూళ్ళు పన్నెండు బైట్లు అయిపోయాయి. ఆ లెక్కన మొత్తం పేరుకి మిగిలేది 85 గుర్తులే, మన శుభలేఖ పేర్లు దాంట్లో ఎక్కడ పడతాయి?

సరే, పట్టకపోతే పట్టలేదని చెప్పాలి కదా. ఈఎక్స్‌టీ4 చెప్తుంది కూడా, పేరు మరీ పొడుగైందని ఎర్రర్ ఇచ్చి ఫోల్డర్ చేయనంటుంది. ఈ ప్రోగ్రాం రాసినాయన ఆ ఎర్రర్ రాకుండా ముందే 256 బైట్ల పెట్టె ఒకటి పెట్టుకుని, పేరు అందులో పట్టినంత కుక్కి మిగతాది వదిలేశాడు. పోయింది చివరి ముక్క, అంటే కూతురు వైపా కొడుకు వైపా అన్నదే. రెండు ఫోల్డర్లకీ ఒకటే పేరు వచ్చింది, రెండోది వెళ్ళి మొదటిదాంట్లో కూర్చుంది. రెండు కెమెరాలూ ఒకే కంపెనీవి కాబట్టి లోపలి ఫోటోల పేర్లు కూడా ఒకటే, డీఎస్‌సీ 0001 నుంచి మొదలు. ఒకదాని మీద ఒకటి రాసేసింది. పెళ్ళికూతురిని చేసిన ఫోటోలు ఒక్కటీ లేవు. స్క్రీన్ మీద మాత్రం "పూర్తయింది".

సీ లో ఇది ఊహించుకోవాల్సిన అంకె కాదు. పాత్‌కాన్ఫ్ అనే ఫంక్షన్‌కి కాపీ చేయబోయే డైరెక్టరీ దారి ఇచ్చి, పీసీ నేమ్ మ్యాక్స్ (పేరు ఎంత పొడుగు ఉండొచ్చు) అని అడిగితే అక్కడి హద్దు అదే చెప్తుంది. ఫైలు ముందే తెరిచి ఉంటే ఎఫ్‌పాత్‌కాన్ఫ్. సీ తో పాటు వచ్చే హెడర్ ఫైల్లో రాసిపెట్టి ఉన్న 255 పట్టుకుని కూర్చుంటే కుదరదు, డిస్కు మారితే హద్దూ మారుతుంది. లైనక్స్‌లో ఫ్యాట్32 పెన్‌డ్రైవ్ మీద ఇదే అడిగి చూడండి, 1530 బైట్లు అంటుంది. ఇంకోటి, పాత్‌కాన్ఫ్ -1 ఇచ్చిందంటే అది తప్పే అని కాదు, హద్దు లేదని కూడా అర్థం కావచ్చు. పిలిచేముందు ఎర్‌నో (ఎర్రర్ నంబరు ఉండే చోటు) సున్నా చేసి, తర్వాత అది మారిందా లేదా చూస్తేనే తేడా తెలిసేది. ఈ ప్రోగ్రాంలో ఇవేవీ లేవు, అడిగిన పాపానే పోలేదు.

రెండో గోల వీడియోలది. కస్టమర్‌కి ఇవ్వడానికి డబ్బా నుంచి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తాం కదా, ఆ పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిందైతే ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు, కచ్చితంగా చెప్పాలంటే 4,294,967,295 బైట్లు. రిసెప్షన్ వీడియో అంతకంటే పెద్దదైంది. ఫైల్లోకి రాసే రైట్ ఫంక్షన్ అక్కడికి రాగానే ఇక కుదరదని ఎర్రర్ ఇచ్చింది, దాన్ని చూసే లైనే ప్రోగ్రాంలో లేదు. వాళ్ళు ఇంటికెళ్ళి టీవీకి పెడితే వీడియో తెరుచుకోనే లేదు, మాటలు పడింది మామయ్య.

మిగిలిన చోటు లెక్క కూడా తేడాయే. డిస్కులో చోటెంతో చెప్పే స్టాట్‌వీఎఫ్‌ఎస్ ఫంక్షన్ పిలిచారు, అంతవరకు మెచ్చుకోవాలి, కానీ ఎఫ్ బీఅవైల్ (మామూలు ప్రోగ్రాంకి దొరికే చోటు) బదులు ఎఫ్ బీఫ్రీ (మొత్తం ఖాళీ) తీసుకున్నారు. ఈఎక్స్‌టీ4 మామూలుగా 5 శాతం రూట్ (సిస్టమ్ అడ్మిన్ ఖాతా) కోసం పక్కన పెడుతుంది, 2 టీబీ డిస్కులో అది దాదాపు 100 జీబీ. డబ్బా ఆ చోటుని కూడా ఖాళీ కింద చూపిస్తుంది, కాపీ ప్రోగ్రాం రూట్ కాదు కాబట్టి అందులో ఒక్క బైటు కూడా రాయడం కుదరదు.

ఇవన్నీ తీసుకెళ్ళి అడిగితే షాపాయన చెప్పింది: "అంతంత పేర్లు ఎవరు పెడతారు సార్, ఇంగ్లీషులో చిన్నగా పెట్టుకోండి." వీడియో సంగతికి పెన్‌డ్రైవ్ మంచిది కాదన్నాడు. డబ్బు వెనక్కి ఇవ్వమంటే సాఫ్ట్‌వేర్‌కి రిటర్న్ లేదంట. ఏందబ్బా ఇది, డబ్బాకి బిల్లు ఇచ్చి సాఫ్ట్‌వేర్ అంటే ఎట్లా? వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాం. వాళ్ళతో తేలకపోతే నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాం, 5 లక్షల లోపు వస్తువుకి అక్కడ ఫీజు కూడా లేదు. బిల్లు, స్క్రీన్ ఫోటోలు దాచి ఉంచాం, మీరూ దాచండి.

కొనేవాళ్ళు షాపులోనే ఒక పని చేయండి. తెలుగులో వంద గుర్తులు దాటే పేరుతో రెండు ఫోల్డర్లు చేసి, చివరి మాట ఒక్కటే మార్చి, రెండింట్లో ఒకే పేరున్న వేరే వేరే ఫోటోలు పెట్టి ఎక్కించమనండి. డబ్బాలో రెండు ఫోల్డర్లు కనిపించాలి, లేదా కుదరదని మెసేజ్ రావాలి. 5 జీబీ వీడియో ఒకటి ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లోకి తీయించండి, అప్పుడు పచ్చ అక్షరాలు వచ్చాయంటే వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేయండి. లైనక్స్ తెలిసిన తమ్ముడెవరైనా పక్కనుంటే గెట్‌కాన్ఫ్ నేమ్ మ్యాక్స్ అనే కమాండ్ కొట్టి డైరెక్టరీ పేరు ఇస్తే హద్దు ఎంతో అక్కడే తెలిసిపోతుంది.

ఇప్పటికే కొన్నవాళ్ళు పాత పెళ్ళిళ్ళ ఫోల్డర్లు తెరిచి ఫోటోల లెక్క సరిచూసుకోండి, పేరు చివర అక్షరం విరిగినట్టు, ప్రశ్నార్థకంలాగా కనిపించిందంటే అది కోత పడిన ఫోల్డరే. దాని కార్డు ఇంకా ఫార్మాట్ చేయకపోతే పక్కన పెట్టేయండి, దాంట్లో కొత్తగా షూట్ చేయొద్దు.