పశువుల ఆసుపత్రి పోస్టుమార్టం: డాక్టరమ్మకు అయిదు స్టార్లు, మిగతావాటికి రెండు

చీపురుపల్లి దగ్గర మా ఊరు. పోయిన వేసవిలో మా జెర్సీ ఆవు తెల్లారేసరికి పాకలో చచ్చి పడి ఉంది. పూటకు ఆరు లీటర్లు ఇచ్చేది, నెల్లాళ్ళుగా మూడుకు దిగింది, ఎండలనుకున్నాం. పొట్ట డప్పులా ఉబ్బింది, మూతి దగ్గర నురగ, ఇంకేముంది, పక్క చేనోడే మందు పెట్టాడని మా నాన్న తేల్చేశారు (గట్టు తగాదా మూడేళ్ళుగా ఉందిలెండి). పశువును చంపితే భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) 325వ సెక్షన్ కింద అయిదేళ్ళ దాకా జైలు అని ఎవరో చెప్పారు, ఆయన స్టేషన్‌కి బయల్దేరిపోయారు కూడా. ముందు పోస్టుమార్టం చేయిద్దామని నేనే ఆపాను.

మండలం పశువుల ఆసుపత్రి నుంచి డాక్టరమ్మ వచ్చారు. వచ్చీ రాగానే కోసేస్తారనుకున్నాం, ఆవిడ గంటసేపు కత్తే ముట్టలేదు. గాబులో చెయ్యి పెట్టారు, గడ్డివాము తిరిగొచ్చారు, ముక్కు, నోరు, వెనక భాగం చూశారు, చెవి నుంచి చుక్క రక్తం గాజుపలక మీద రాసి ఆసుపత్రికి పంపి మైక్రోస్కోపులో చూడమన్నారు. దొమ్మ రోగమైతే (ఆంత్రాక్స్) అసలు కోయకూడదట, కోస్తే ఆ క్రిములు గాలి తగిలి గట్టిపడి ఏళ్ళ తరబడి మట్టిలోనే ఉండిపోతాయట. అది కాదని ఫోన్ వచ్చాకే మొదలెట్టారు. పొట్ట ఉబ్బడం విషానికి గుర్తు కాదని, చచ్చిన ఏ ఆవుకైనా లోపల మేత పులిసి గాలి పడుతుందని నాన్నకు విడమరిచి చెప్పారు. ఆయన నమ్మలేదు.

గుండె చుట్టూ ఉన్న సంచి కోయగానే చీము, ఆ కంపుకి అందరం చెరువు గట్టు దాకా పరిగెత్తాం. ఆవిడ మాత్రం వేళ్ళతో తడిమి తడిమి ఒక తీగ ముక్క లాగారు, బెత్తెడు కూడా లేదు, నల్లగా తుప్పు పట్టి ఉంది.

"అమ్మా, ఈమధ్య ఏమైనా కట్టించారా?"

"స్లాబ్ ఏసినామమ్మా, సంకురాత్రికి ముందల," అంది మా అమ్మ.

బైండింగ్ వైరు, స్లాబ్ చువ్వలు కట్టే సన్న ఇనుప తీగ! ఆవు నమలకుండా నాలుకతో చుట్టి మింగేస్తుంది కదా, ఇనుము తేనెపట్టులా ఉండే రెండో పొట్టలో ఆగిపోతుంది, దానికి ముందు పల్చటి పొర, పొర అవతలే గుండె. పాలు తగ్గడం, గంగడోలు కింద నీరు దిగడం అన్నీ దాని గుర్తులేనట. ముందే అయస్కాంతం మింగిస్తే ఇనుము దానికే అంటుకుని ఉండేదట.

అయినా విషం సంగతి కూడా తేలాలని పొట్టలో మేత, కాలేయం, మూత్రపిండం ముక్కలు తీశారు. వాటికి ఫార్మలిన్ (ముక్కలు పాడవకుండా పోసే మందు) పనికిరాదని, ఉప్పు కరిగినంతా కలిపిన నీళ్ళే కావాలని నన్ను కిరాణా కొట్టుకి పంపారు. ఈ పని అయిదున్నరేళ్ళ బీవీఎస్సీ (పశువైద్య డిగ్రీ) చదివినవాళ్ళు చేస్తారట, ఇంకా లోతుగా నేర్చుకోవాలంటే పేథాలజీలో (రోగం ఒంట్లో ఏం చేసిందో చూసే చదువు) పీజీ వేరే ఉంది, మన గరివిడిలోనే వెటర్నరీ కాలేజీ ఉందని మా అబ్బాయికి చెప్పారు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూడబాతులు రాలిపోయినప్పుడు ఒంట్లో చేరిన పురుగులే కారణమని తేలింది కూడా ఇలా కోసి చూసినందుకేనట.

ఇక రెండు స్టార్ల సంగతి. ఆసుపత్రిలో పోస్టుమార్టానికి గది లేదు, చింతచెట్టు కిందే పని. సాయానికి ఒక్కడే మనిషి. ఆవును పూడ్చే గుంత తవ్వకానికి జేసీబీ మా ఖర్చే. విషం లేదన్న ల్యాబ్ రిపోర్టు రెండున్నర నెలలకు వచ్చింది, అప్పటిదాకా ఇన్సూరెన్స్ వాళ్ళు ఫైలు కదపలేదు, పైగా చెవి ట్యాగు ఫోటోలో నంబరు మసగ్గా ఉందని రెండుసార్లు తిప్పారు. పూడ్చకముందే ట్యాగు దగ్గరగా నాలుగైదు ఫోటోలు తీసుకోండి. కల్లుప్పు, మూత గట్టిగా పట్టే సీసాలు కూడా ఇంటి నుంచే పట్టుకెళ్ళండి, అక్కడ ఉండవు.